పిన్ని కాల్ లిస్ట్

పొద్దున బస్సులో ఉండగా పిన్ని ఫోన్ చేసింది. గొంతు వణుకుతోంది. ఒంట్లో బాగాలేదేమోనని ముందు గుండె ఝల్లుమంది. విషయం అది కాదు. స్టోరేజ్ నిండిపోయిందని ఫోన్‌లో మెసేజ్ వచ్చిందట. ఏదో ఒకటి ఖాళీ చేద్దామని కాల్ హిస్టరీలోకి వెళ్లి, పైనున్న మూడు చుక్కలు నొక్కి, మొత్తం డిలీట్ చేసేసింది. చేశాక గుర్తొచ్చింది, మొన్న రాత్రి మాట్లాడిన ఒక నంబరు అందులోనే ఉందని, ఇంకా సేవ్ చేసుకోలేదని. కాదు, మొన్న కాదు, నిన్న రాత్రే. కంగారులో తనూ రెండుసార్లు తడబడింది.

ఆ నంబరు కాలేజీలో తనతో చదువుకున్న స్నేహితురాలిది. పెళ్లిళ్లయ్యాక ఎవరి దారి వాళ్లదై, ఉత్తరాలు ఆగిపోయి, ఏళ్ల తరబడి ఒకరి జాడ ఒకరికి లేకుండా పోయిన మనిషి. ఎలాగో నంబరు సంపాదించి తనే చేసిందట.

"ఈసారి నేనే చేస్తానే, నువ్వు చెయ్యకు అని గట్టిగా చెప్పానమ్మలూ. ఇప్పుడు నేను చెయ్యకపోతే ఏమనుకుంటుంది?" అంటుంటే పిన్ని గొంతు పూడుకుపోయింది.

ఆవిడే మళ్లీ చేస్తుందిలే అని సర్దిచెప్పడం తేలికే. కానీ ఇన్నేళ్ల తర్వాత వెతుక్కుంటూ వచ్చిన మనిషికి ఇటునుంచి ఉలుకూ పలుకూ లేకపోతే, రెండోసారి చెయ్యడానికి మొహమాటం అడ్డురావచ్చు. నాకు అదే భయం వేసింది. అందుకే ఆ మాట అనలేదు. నీ నంబరు ఆవిడకు ఎవరిచ్చారట అని అడిగాను. మాటల్లో పడి ఆ సంగతే అడగలేదట.

అప్పటికప్పుడు పిన్నికి రెండే చెప్పాను. డిలీట్ అయిన కాల్స్ తెచ్చిపెడతాం అనే యాప్ ఏదీ వెయ్యొద్దు. నేను వచ్చేదాకా వైఫై ఆపేసి ఉంచు.

వైఫై ఎందుకంటే, పిన్ని ఫోన్ ఆండ్రాయిడ్. గూగుల్ ఖాతాలోకి వెళ్లే ఫోన్ బ్యాకప్‌లో కాల్ హిస్టరీ కూడా ఉంటుంది. ఆ బ్యాకప్ మామూలుగా రోజుకోసారి, ఫోన్ ఛార్జింగ్‌లో ఉండి, వైఫై అంది, ఎవరూ వాడని సమయంలో దానంతటదే జరుగుతుంది. అంటే నిన్న రాత్రి పడుకున్నాక జరిగిన బ్యాకప్‌లో ఆ నంబరు ఉండే అవకాశం ఉంది. ఈ రాత్రి మళ్లీ జరిగితే మాత్రం ఖాళీ లిస్ట్ వెళ్లి దాని స్థానంలో కూర్చుంటుంది. ఆ ఒక్కటీ ఆపగలిగితే దారి తెరిచి ఉన్నట్టే. బ్యాకప్‌నే ఆఫ్ చెయ్యమనలేదు. ఆఫ్ చేస్తే సర్వర్‌లో ఉన్న కాపీ కూడా తుడిచిపెట్టుకుపోవచ్చు.

ఇక యాప్‌ల సంగతి. ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. ఆండ్రాయిడ్‌లో కాల్స్ వివరాలు ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో ఉంటాయి. నంబరు, సమయం, ఎన్ని సెకన్లు మాట్లాడాం, వచ్చిన కాలా, చేసినదా, మిస్డ్ కాలా, ఇలా ఒక్కో కాల్‌కు ఒక్కో వరస. డిలీట్ చేసినప్పుడు ఆ వరస వెంటనే చెరిగిపోకపోవచ్చు. పుస్తకం విషయసూచికలో పేరు కొట్టేసి, లోపలి పేజీని అలాగే వదిలేసినట్టు, ఆ చోటు ఖాళీ అని మాత్రం గుర్తు పెట్టుకుని, కొత్తది వచ్చినప్పుడు దానిమీద రాసుకోవచ్చు. డిలీట్ చేసినా ఎక్కడో ఉంటుంది అని జనం అనుకునేది ఇందుకే. ఒకప్పటి ఫోన్లలో ఫోరెన్సిక్ ల్యాబుల వాళ్లు ఈ దారినే పాత కాల్స్ వెలికితీశారు.

కానీ ప్లే స్టోర్ నుంచి దించుకున్న మామూలు యాప్‌కు ఆ ఫైల్ దగ్గరికి వెళ్లే దారే లేదు. సిస్టమ్‌ను అడిగితే ఇప్పుడు లిస్ట్‌లో ఉన్న కాల్స్ మాత్రమే ఇస్తుంది. లోపలికి వెళ్లాలంటే ఫోన్‌ను రూట్ చెయ్యాలి, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకోవాలి. రూట్ చెయ్యాలంటే ముందు, ఫోన్‌ను స్టార్ట్ చేసే బూట్‌లోడర్ అనే ప్రోగ్రామ్‌ను అన్‌లాక్ చెయ్యాలి. అది అన్‌లాక్ చేస్తే దాదాపు అన్ని ఫోన్లలోనూ మొత్తం డేటా చెరిగిపోతుంది. పైగా ఆండ్రాయిడ్ 10తో వచ్చిన ఫోన్లన్నిట్లో ఎన్‌క్రిప్షన్, అంటే తాళంచెవి లేకుండా చదవలేని రూపంలో డేటాను దాచడం, తప్పనిసరి. ఇవన్నీ దాటి ఒక ఉచిత యాప్ మనకు పాత నంబర్లు తెచ్చిపెడుతుందా? కాల్ లాగ్ చూసే అనుమతి అడుగుతుంది, ఉన్నవాటిని చదువుకుంటుంది, ఆపైన డబ్బు కట్టమంటుంది. ఈ అనుమతి ఎంత సున్నితమైనదో గూగుల్‌కూ తెలుసు. ఆండ్రాయిడ్ 9లో దాన్ని విడిగా అడగాల్సిన అనుమతిగా మార్చారు. 2019 నుంచి ప్లే స్టోర్‌లో, ఫోన్ కాల్స్ చూసుకునే ప్రధాన యాప్‌లకూ కొద్దిపాటి మినహాయింపులకూ తప్ప మిగతావాటికి దాన్ని ఇవ్వడం లేదు. పిన్నిలాగా కంగారులో ఉన్నవాళ్లే ఇలాంటివాటికి దొరికిపోతారు. అందుకే ఫోన్ పెట్టేసేముందు ఇంకోసారి గట్టిగా చెప్పాను.

మధ్యాహ్నం ఆఫీసులో ఈ విషయం మాటల్లో వచ్చింది. పక్క సీటాయన అంతా విన్నాడు. అందరూ లేచి వెళ్లాక నెమ్మదిగా అడిగాడు, మా ఆవిడ ఫోన్‌లో డిలీట్ చేసిన కాల్స్ కూడా ఇలా చూడొచ్చాండీ అని.

చెప్పనండీ అన్నాను. ఆయన నవ్వేసి, ఊరికే అడిగానన్నాడు. నాకు మాత్రం ఊరికే అనిపించలేదు. మధ్యాహ్నమంతా ఆ ప్రశ్న మనసులో నలుగుతూనే ఉంది.

డిలీట్ అయిన కాల్స్ ఎలా చూడాలి అని వెతికేవాళ్లలో పిన్నిలాంటివాళ్లు కొందరు, ఇంకొకరి ఫోన్‌లోకి తొంగిచూడాలనుకునేవాళ్లు కొందరు. అడిగే ప్రశ్న ఒక్కటే. పొద్దున నేనూ తిట్టుకున్నాను, చెరిపిన ఫోటోలను కొన్నాళ్లు ఉంచే బిన్ ఉంది కదా, కాల్ లిస్ట్‌కు ఎందుకు లేదు అని. మధ్యాహ్నం ఆ ప్రశ్న విన్నాక లేకపోవడమే మంచిదనిపించింది. రోజూ తన ఫోన్‌ను ఇంకొకరు తీసి చూసే ఇంట్లో ఉన్న ఆడమనిషి, సాయం కోసం ఒక హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఆ నంబరు చెరిపేసిందనుకుందాం. అది నిజంగా చెరిగిపోవాలి. బిన్‌లో దొరక్కూడదు. అమెరికాలో 2022లో సేఫ్ కనెక్షన్స్ చట్టం వచ్చాక, గృహహింస హెల్ప్‌లైన్లకు చేసిన కాల్స్ వినియోగదారులకు కనిపించే కాల్ వివరాల్లో చూపకూడదని అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2023లో నిబంధన పెట్టింది. బిల్లులో ఒక్క వరస కనబడినా ప్రాణం మీదికి వస్తుందని గుర్తించినవాళ్లు చేసిన పని అది. ఆయన ఆవిడ ఎవరో నాకు తెలియదు. తను ఎవరితో మాట్లాడిందో తనకు ఇష్టమైతే తనే చెబుతుంది. అంతకుమించి తెలుసుకునే దారి నేను చూపించను.

సాయంత్రం నేరుగా పిన్ని వాళ్లింటికి వెళ్లాను. మా ఇంట్లో వాడకుండా పడివున్న పాత ఫోన్ కూడా పట్టుకెళ్లాను. గూగుల్ బ్యాకప్‌లోని కాల్ హిస్టరీని విడిగా తెరిచి చదివే వీల్లేదు. కొత్త ఫోన్‌నో, ఫ్యాక్టరీ రీసెట్ చేసి అన్నీ చెరిపేసిన ఫోన్‌నో మొదట సెటప్ చేసేటప్పుడే మామూలుగా అది దిగుతుంది. పిన్ని ఫోన్‌ను రీసెట్ చెయ్యడానికి నాకు చేతులు రాలేదు. అందులో ఉన్న ఫోటోలన్నీ ఎక్కడైనా భద్రంగా ఉన్నాయో లేదో పిన్నికే తెలియదు. అందుకని నా పాత ఫోన్‌ను రీసెట్ చేసి, పిన్ని ఖాతాతో తెరిచి, బ్యాకప్‌ను అందులోకి దించుకుందామనుకున్నాను. కుదరలేదు. కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్‌లో తీసిన బ్యాకప్ అంతకంటే పాత వెర్షన్ ఉన్న ఫోన్‌లోకి దిగదు. ఆ మాట తెరమీద చూసి పిన్ని మొహం చిన్నబోయింది.

నోటిఫికేషన్ హిస్టరీ చూశాను. ఆండ్రాయిడ్ 11 నుంచి ఉన్న సదుపాయం అది. గడచిన 24 గంటల్లో వచ్చిన నోటిఫికేషన్లను చూపిస్తుంది, మిస్డ్ కాల్స్‌వి కూడా. ముందే ఆన్ చేసి ఉంటేనే పనికొస్తుంది. పిన్ని ఫోన్‌లో ఆఫ్‌లో ఉంది. ఉన్నా పెద్దగా ఉపయోగం ఉండేది కాదు, నిన్నటిది ఎత్తి మాట్లాడిన కాల్ కదా. వాట్సాప్ కాల్ అయి ఉంటే అందులో విడిగా కాల్స్ జాబితా ఉండేది. కానీ ఇది మామూలు కాలే.

ఇక మిగిలింది సిమ్ కంపెనీ. మన ఫోన్‌లో ఏం చెరిపినా వాళ్ల దగ్గరి రికార్డు అలాగే ఉంటుంది. బిల్లింగ్ కోసమూ, చట్టం కోసమూ వాళ్లు ఉంచాల్సిందే. అయితే వినియోగదారులకు ఇచ్చే స్టేట్‌మెంట్‌లో సాధారణంగా మనం చేసిన కాల్సే ఉంటాయి, మనకు వచ్చినవి ఉండవు. స్నేహితురాలే చేసిందని పిన్ని పొద్దుటినుంచీ చెబుతోంది కాబట్టి దాన్ని నేను లెక్కలోకే తీసుకోలేదు.

అప్పటిదాకా పేపర్ చదువుకుంటున్న బాబాయి తలెత్తి, "మధ్యలో కట్ అయిపోతే నువ్వే కదే మళ్లీ చేశావు? సిగ్నల్ లేదని డాబా మీదికి కూడా వెళ్లావు" అన్నారు.

పిన్ని ఒక్క క్షణం ఆయన్నే చూసి, "అవును కదూ!" అంది.

రాత్రిదాకా మేం పడిన తంటా అంతా ఆ ఒక్క మాటతో తేలిపోయింది. సిమ్ కంపెనీ యాప్‌లో పిన్ని నంబరుతో లాగిన్ అయి, ఓటీపీ ఇచ్చి, స్టేట్‌మెంట్ అడిగితే మెయిల్‌కు పీడీఎఫ్ వచ్చింది. దానికి పాస్‌వర్డ్. తెరిస్తే నిన్న రాత్రి కాల్ లేదు. పిన్ని ఫోన్‌లో రెండు సిమ్‌లు ఉన్నాయని అప్పుడు గుర్తొచ్చింది. రెండో సిమ్ స్టేట్‌మెంట్ తెప్పించాం. అర నిమిషం, నిమిషం కాల్స్ మధ్యలో, బాబాయి ఇంటికొచ్చిన సమయానికి కాస్త తర్వాత, నలభై నిమిషాలు దాటిన కాల్ ఒక్కటే ఉంది. పిన్ని ఆ నంబరు మీద వేలు పెట్టి తియ్యలేదు.

పిన్నీ స్నేహితురాలూ ఫోన్‌లో మాట్లాడుకుంటుంటే నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. అది వాళ్ల సంగతి.

వచ్చేముందు పిన్ని ఫోన్‌లో నోటిఫికేషన్ హిస్టరీ ఆన్ చేశాను. ఫోటోలు ఎక్కడికి వెళ్తున్నాయో చూసి, వైఫై పెట్టేశాను. ఆ నంబరు సేవ్ చేయించి, డైరీలో కూడా రాయించాను. ఫోన్ ఖాళీ చేసుకోవాలంటే వాట్సాప్ వీడియోలు తియ్యమని, కాల్ లిస్ట్ జోలికి పోవద్దని చెప్పాను. ఆండ్రాయిడ్ మామూలుగా ఒక్కో సిమ్‌కు 500 కాల్స్ దాటితే పాతవి తనే తీసేస్తుంది. ఆ వరసలన్నీ కలిపినా ఒక ఫోటో అంత చోటు కూడా పట్టదు. అవి చెరిపితే ఫోన్‌కు ఒరిగేదేమీ లేదు. ఒక్క నంబరు పోతే మనిషి మాత్రం రోజంతా ఇలా అల్లాడిపోతుంది.

బాబాయిది ఐఫోన్. నాది కూడా ఒకసారి చూడమ్మా అన్నారు. ఆయన ఫోన్‌లో చెరిపిన కాల్, అదే ఆపిల్ ఖాతా వాడుతున్న ఐప్యాడ్‌లోనుంచి కూడా పోతుంది, రెండూ ఐక్లౌడ్‌తో కలిసి నడుస్తాయి కాబట్టి. కంప్యూటర్‌లోకి పాస్‌వర్డ్ పెట్టి ఎన్‌క్రిప్ట్ చేసి తీసిన బ్యాకప్‌లో మాత్రం కాల్ హిస్టరీ విడిగా నిలిచి ఉంటుంది. ఆయన ఇప్పటిదాకా అలాంటిది ఒక్కటీ తియ్యలేదు. ఈ ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకుని వస్తానని చెప్పాను, కేబుల్ వెతికి పెట్టమన్నాను.