వ్యాక్సా, సీలెంటా? బానెట్‌ను రెండుగా విభజించి నేను తేల్చుకున్న సంగతి

నా కారు బానెట్ మీద, కుడి హెడ్‌లైటుకు జానెడు వెనుకగా, బొటనవేలి గోరంత మచ్చ ఒకటి ఉంది. పక్షి రెట్ట వేసిన రెండో రోజు సాయంత్రానికి గాని నేను దాన్ని చూడలేదు. తడి గుడ్డ కాసేపు పరచి ఉంచి మెల్లగా తీస్తే రెట్ట పోయింది గాని, దాని అంచుల ఆకారం మాత్రం రంగులో చెక్కినట్లు ఉండిపోయింది. రెట్టలోని ఆమ్ల గుణం కొంత పని చేస్తే, మిగతాది ఎండ చేస్తుంది. వేడికి మెత్తబడిన పైపూత తిరిగి చల్లబడి బిగుసుకునేటప్పుడు, దాని మీద ఎండి గట్టిపడిన రెట్ట ఆకారాన్నే పట్టుకుంటుంది. చేత్తో పాలిష్ పట్టి చూశాను. మచ్చ పలచబడిందే తప్ప పోలేదు. రంగును కాపాడే పూత ఏదైనా వేయాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను. ఏది వేయాలో తేల్చుకోవడానికి మాత్రం దాదాపు ఎనిమిది నెలలు పట్టింది.

కారు రంగు అని మనం చూసేది ఒకే పూత కాదు. రేకు మీద తుప్పును ఆపే పూత, దాని మీద ప్రైమర్, ఆపైన రంగునిచ్చే బేస్ కోట్, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్ ఉంటాయి. ఫ్యాక్టరీలో వేసిన ఈ పొరలన్నీ కలిపినా మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు మాత్రమే. అందులో క్లియర్ కోట్ మందం 40, 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, అంటే సగటు తల వెంట్రుక కంటే సన్నన. గీతలనూ మచ్చలనూ పోగొట్టడానికి పాలిష్ పట్టిన ప్రతిసారీ ఆ పొరలోంచే కొంత అరిగిపోతుంది, అరిగింది మళ్లీ రాదు. మచ్చ పడ్డాక పాలిష్ పట్టవచ్చులే అన్న ధీమాతో ఉండేవాడిని, ఈ లెక్క తెలిశాక ఆ ధీమా పోయింది. వ్యాక్స్ అంటే మైనపు పూత, సీలెంట్ అంటే కృత్రిమంగా తయారుచేసిన పూత. ఏదైనా చేసే పని ఒక్కటే: ఎండ, వాన, ధూళి, రెట్ట, చెట్ల జిగురు నేరుగా క్లియర్ కోట్‌ను తాకకుండా, తమను అరగదీసుకుంటూ మధ్యలో నిలబడటం.

తీరా మొదటి ప్రయత్నంలోనే పొరపాటు చేశాను. ఇంట్లో అప్పటికే ఒక వ్యాక్స్ డబ్బా ఉండేది. కొన్ని వారాలకు ముందు దాన్ని కారంతటికీ పూసి ఉన్నాను. ఆరు నెలలు నిలుస్తుందని సీసా మీద రాసి ఉన్న సీలెంట్ ఒకటి కొని, కారును మామూలుగా కడిగి, ఆ పాత వ్యాక్స్ మీదనే పూశాను. రెండు రక్షణలు ఒకటికి తోడు మరొకటి ఉంటాయి కదా అనుకున్నాను. అయిదో వారానికల్లా బానెట్ మీద నీళ్లు పోస్తే పూసల్లా నిలబడవలసినవి పలచని మడుగులా పరుచుకుపోయాయి. సీలెంట్ నాసిరకమని తీర్మానించుకుని, కార్లకు రంగు వేసే పనిలో ఏళ్లుగా ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయికి ఫోన్ చేశాను. అన్నయ్య నేను చెప్పిందంతా విని, "సీసాను తిట్టడం తర్వాత, అది వేసే ముందు పాత మైనం దించావా?" అని అడిగాడు. దించలేదన్నాను. "నువ్వు సీలెంట్ వేసింది కారు మీద కాదు, మైనం మీద. మైనం పోతూ దాన్ని కూడా తీసుకుపోయింది" అన్నాడు.

ఆ మాటతో ఈ రెండింటి తయారీ గురించి చదవడం మొదలుపెట్టాను. కారు వ్యాక్స్‌లలో పేరున్నది కార్నౌబా. ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు, తన ఆకుల్లోని తేమ ఎండకు ఆవిరైపోకుండా వాటి మీద స్రవించుకునే మైనం అది. సహజమైన మైనాలలో అతి గట్టివాటిలో ఒకటి. దాదాపు 82 నుంచి 86 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాని కరగదు. అయితే డబ్బాలో వచ్చేది శుద్ధ కార్నౌబా కాదు. అంత గట్టి మైనాన్ని చేత్తో పూయడం సాధ్యం కాదు కనుక నూనెలు, ద్రావకాలు, ఇతర మెత్తని మైనాలు కలిపి పేస్టుగా మారుస్తారు. ఆ మిశ్రమం రంగు మీద కూర్చుని అంటుకుని ఉంటుంది, అంతే. దానితో రసాయనికంగా కలిసిపోదు. అందుకే ఎండలో ఆగే కారు మీద, తరచుగా కడిగే కారు మీద అది త్వరగా పలచబడుతుంది. సీలెంట్ పూర్తిగా ప్రయోగశాలలో పుట్టిన పాలిమర్, అంటే పొడవైన గొలుసుల్లాంటి అణువులున్న పదార్థం. చాలా సీలెంట్లలో క్లియర్ కోట్‌ను గట్టిగా పట్టుకునేలా మార్చిన సిలికోన్ పాలిమర్లు ఉంటాయి. ఆరేటప్పుడు అవి ఉపరితలాన్ని పట్టుకుని తమలో తాము అల్లుకుంటాయి. ఆ పట్టు కుదరాలంటే ఉపరితలం మీద మైనం, నూనె, పాలిష్ జిడ్డు ఏదీ ఉండకూడదు. తిరగేసి, ఆరిన సీలెంట్ మీద వ్యాక్స్ పూస్తే ఏ ఇబ్బందీ లేదు. నేను చేసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం.

రెండోసారి తొందరపడలేదు. నా అనుభవంలో ఈ పని మొత్తంలో అసలు శ్రమ పూత వేయడంలో లేదు, దాని ముందరి శుభ్రతలో ఉంది. ఉదయం నీడలో, బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా తగులుతున్నప్పుడు మొదలుపెట్టాను. రెండు బకెట్లు పెట్టుకున్నాను. ఒకదానిలో షాంపూ నీళ్లు, రెండోదానిలో ఉత్త నీళ్లు. గుడ్డను ప్రతిసారీ ఉత్త నీళ్లలో జాడించిన తర్వాతే మళ్లీ షాంపూలో ముంచాలి, లేకపోతే మొదటి డోరు మీది ఇసుకతోనే రెండో డోరును రుద్దినట్లవుతుంది. కడిగి ఆరబెట్టాక కారు అద్దంలా కనిపించింది. అయినా అన్నయ్య చెప్పినట్లు పలచని ప్లాస్టిక్ కవరులో చెయ్యి పెట్టి బానెట్ మీద మెల్లగా జరిపి చూస్తే, వేళ్ల కింద గరుకు కాగితంలా తగిలింది. ఉత్త చేతికి తెలియని ఆ గరుకు కవరు లోంచి అంత స్పష్టంగా తెలియడం నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది.

ఆ గరుకులో ఎక్కువ భాగం బ్రేకుల నుంచి రాలి ఎగిరి వచ్చి రంగులో గుచ్చుకున్న సన్నని ఇనుప రజను. దాన్ని కరిగించే ద్రవం చల్లితే రజను ఉన్న చోటల్లా ఊదారంగు చారలు కారాయి. వెనుక బంపరు, చక్రాల వెనుక భాగాలు దాదాపు పూర్తిగా ఊదాగా మారాయి. ఆ ద్రవం ఆరిపోకముందే ధారాళంగా నీళ్లు పోసి కడిగేశాను. మిగిలినది క్లే బారు పని. అది పిండి ముద్దలాంటి మెత్తని పదార్థం. రంగు మీద జారుడు ద్రవం చల్లి, ఆ ముద్దను ఏమాత్రం నొక్కకుండా ముందుకూ వెనుకకూ జరపాలి. మొదట గీసుకుంటున్నట్లు శబ్దం చేస్తుంది, శుభ్రమైన కొద్దీ నిశ్శబ్దంగా జారుతుంది. మురికి పట్టిన వైపు లోపలికి మడిచి కొత్త వైపు పైకి తెచ్చుకుంటూ ఉండాలి. ముద్ద ఒక్కసారి నేలమీద పడిందంటే దాన్ని పారేయవలసిందే, ఎందుకంటే అంటుకున్న మట్టి రేణువు ఒక్కటి చాలు బానెట్ పొడవునా గీత పడటానికి. నాది ఒకసారి పడింది. కడిగి వాడదామని మనసు లాగినా, పారేసి కొత్త ముక్క తీసుకున్నాను.

క్లే పట్టాక ఏర్పడిన సన్నని మసకకు తేలికరకం పాలిష్ ఒక్క వరుస పట్టి, చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను సమానమైన శుద్ధజలంతో కలిపి గుడ్డతో తుడిచాను. పాలిష్‌లోని నూనెలు చిన్న గీతలను నింపి దాచిపెడతాయి. ఇలా తుడిచినప్పుడే రంగు అసలు స్థితి బయటపడుతుంది. పెద్ద గీతలు కొన్ని తిరిగి కనిపించాయి. బాధ కలిగినా, వ్యాక్స్ గాని సీలెంట్ గాని గీతలను తీసివేయవన్న సంగతి అప్పుడే స్థిరంగా అర్థమయింది. కొన్ని వ్యాక్స్‌లు వాటిని కొంతకాలం కప్పిపుచ్చుతాయి, అంతే.

ఇక పోలిక. బానెట్ మధ్యలో పైనుంచి కిందికి టేపు అంటించి, ఎడమ సగానికి కార్నౌబా పేస్టు, కుడి సగానికి సీలెంట్ వేశాను. రెండింటినీ వీలైనంత పలచగా పూశాను. మందంగా పూస్తే రక్షణ పెరుగుతుందని నేనూ అనుకునేవాడిని. ఉపరితలం పట్టుకోగలిగినది పోను మిగిలినదంతా చివరికి మనం తుడిచి గుడ్డకు ఎక్కించేదే, పైగా మందపు పూతను తుడవడం మోచేతులకు శిక్ష. పొర మసకబారాక వేలితో ఒక గీత తీసి చూడాలి. గీత కింద శుభ్రంగా మెరిస్తే తుడవవచ్చు, జిడ్డుగా సాగితే ఇంకా ఆగాలి. సీలెంట్ తుడిచాక సీసా మీద చెప్పినట్లు పన్నెండు గంటలపాటు నీటి చుక్క పడకుండా కారును లోపలే ఉంచాను. ఆ గడువును చాలామంది లెక్కచేయరు. అల్లుకోవడం పూర్తికాకముందే తడిస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. వైపర్ల దగ్గరున్న గరుకు నల్ల ప్లాస్టిక్‌కు టేపు వేయడం మరచిపోయాను. దానికి అంటిన వ్యాక్స్ తెల్లని చారగా ఎండిపోయింది, మెత్తని బ్రష్షుతో దాన్ని వదిలించడానికి అరగంట పట్టింది.

మొదటి రెండు వారాలు నేను వ్యాక్స్ పక్షాన ఉన్నానని ఒప్పుకోవాలి. నా కారు ముదురు నీలం. సాయంత్రపు వాలు వెలుగులో ఎడమ సగంలో ఆ నీలం లోతుగా, తడిసినట్లు కనిపించేది. కుడి సగం అద్దంలా గట్టిగా, కొంచెం చల్లగా మెరిసేది. ఈ తేడా కేవలం ఊహ అనేవారున్నారు. నా కంటికి తేడా ఉంది, ఇంట్లోవారికి ఏ సగం ఏదో చెప్పకుండా చూపించినా ఎడమ వైపే బాగుందన్నారు. కారు నీడలో ఉండి, నెలకో రెండు నెలలకో ఒక ఉదయం దాని కోసం కేటాయించగలిగే మనిషికి వ్యాక్స్ కాదనడానికి నాకు కారణం కనిపించదు. పూసే పని కూడా హాయిగా ఉంటుంది.

కాని నా కారు పగలంతా బయట ఎండలో ఆగుతుంది. ఏడో వారంలో ఎడమ సగం మీద నీటి పూసలు చదునై, పెద్దవై, సోమరిగా కదలడం మొదలుపెట్టాయి. పదో వారానికి కడిగిన వెంటనే కూడా నీళ్లు అక్కడ పరుచుకునేవి. కుడి సగం మీద చిన్న చిన్న గుండ్రని పూసలు నిలిచి, కారు కదిలితే జారిపోయేవి. నాలుగో నెలలో ఒకరోజు కుడివైపు కూడా నీళ్లు పరుచుకోవడం చూసి సీలెంట్ అయిపోయిందనుకున్నాను. పూత మీద సన్నని మురికి పొర పేరుకున్నా నీళ్లు అలాగే ప్రవర్తిస్తాయని అప్పటికి నాకు తెలియదు. షాంపూతో బాగా కడిగి, ఆరబెట్టి మళ్లీ నీళ్లు పోస్తే పూసలు తిరిగి వచ్చాయి. అప్పటి నుంచి కడగని కారు మీద నీళ్లు పోసి తీర్పు చెప్పడం మానుకున్నాను. పూసలు కట్టడమే రక్షణకు పూర్తి నిదర్శనం కాదని కూడా ఒప్పుకుంటాను. అయితే ఇంటి దగ్గర మనం చూడగలిగిన ఆనవాళ్లలో, కడిగిన కారు మీద నీటి నడకే కాస్త నమ్మదగినది. కుడి సగం ఆరో నెల వరకు, బలహీనపడుతూనే అయినా, నిలిచింది.

ఆ లెక్కతో కారంతటినీ మళ్లీ మొదటి నుంచి శుభ్రం చేసి, అన్ని భాగాలకూ సీలెంట్ వేశాను. ఒక రోజు ఆగి రెండో వరుస కూడా వేశాను. రెండో వరుస మందం కోసం కాదు, మొదటిసారి నా చెయ్యి తప్పిన చోట్లు ఉంటే నిండుతాయని. ఆ తర్వాత ఎండా రెట్టా నేరుగా పడే బానెట్, టాప్, డిక్కీ మూత మీద మాత్రం రెండు నెలలకోసారి పలచగా వ్యాక్స్ పూస్తున్నాను. కింద ఉన్నది పట్టుకుని ఉంటుంది, పైన ఉన్నది తను అరిగి దాన్ని నిలుపుతుంది. నాకు నచ్చిన ఆ లోతైన నీలం కూడా దక్కింది. డోర్లకు ఈ అదనపు పని అనవసరమనిపించింది. రంగు మీద గట్టిపడి ఇంకా ఎక్కువ కాలం నిలిచే సిరామిక్ కోటింగ్ గురించి కూడా ఆలోచించాను గాని, దానికి కావలసిన స్థాయిలో రంగును ముందు సరిచేయడం నా చేతికి మించిన పని.

ఇంత చేసినా రెట్టను వదిలేయవచ్చని కాదు. ఏ పూత అయినా మనకు కొన్ని గంటల వ్యవధిని ఇస్తుంది. అందుకని డిక్కీలో ఒక నీళ్ల సీసా, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు ఉంచుకుంటున్నాను. రెట్ట కనిపిస్తే తడి గుడ్డ కప్పి నాననిచ్చి, రుద్దకుండా ఎత్తేస్తాను.

ముందు బంపరు మాత్రం ప్రస్తుతానికి ఏ పూతా లేకుండా ఉంది. పోయిన నెల చిన్న దెబ్బ తగిలి దానికి కొత్తగా రంగు వేయించవలసి వచ్చింది. కొత్త రంగులోని ద్రావకాలు పూర్తిగా బయటికి పోవడానికి వ్యవధి కావాలనీ, కనీసం రెండు నెలలు దాని మీద వ్యాక్స్ గాని సీలెంట్ గాని వేయవద్దనీ అన్నయ్య గట్టిగా చెప్పాడు. ఇంకా అయిదు వారాలు మిగిలి ఉంది. అప్పటిదాకా దాన్ని మెత్తని షాంపూతో కడగడం, నీళ్లు దాని మీద ఎండి మరకలు కట్టకుండా వెంటనే తుడవడం వరకే చేస్తున్నాను.