సున్నపురాయి చెప్పిన కెమిస్ట్రీ

ఈ మధ్య పిడుగురాళ్లలో సున్నం బట్టీ దగ్గర నిలబడి చూశాక, మా అమ్మాయి చదివే కెమిస్ట్రీ పాఠం మీద నాకు కొత్తగా ఇష్టం పుట్టింది. రాయిని సుత్తితో పగలగొడితే ముక్కలవుతుంది, ఇంకా కొడితే పొడి అవుతుంది. అయినా అది సున్నపురాయే, కాబట్టి అది భౌతిక మార్పు. అదే రాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి పొడి సున్నం అనే కొత్త పదార్థం మిగులుతుంది, కాబట్టి ఇది రసాయనిక మార్పు. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి నుంచి వచ్చేది 56 కిలోలే, మిగతా 44 కిలోలు గాలిలో కలిసిపోతాయి!

రంగు ఒక్కటే చూసి పచ్చి రాయికీ కాల్చిన సున్నానికీ తేడా కచ్చితంగా చెప్పలేం. నీళ్లు పోస్తే తెలిసిపోతుంది. పచ్చి రాయి తడుస్తుంది, అంతే. కాల్చిన సున్నం మాత్రం సలసల మరుగుతూ ఆవిర్లు కక్కుతుంది (కళ్లలో పడితే చాలా ప్రమాదం, పిల్లల్ని దగ్గరకు రానివ్వకండి).

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ తర్వాత జరిగేది. గోడకు వేసిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా పీల్చుకుని మళ్లీ కాల్షియం కార్బొనేట్‌గా మారుతుంది. రసాయనికంగా అది మళ్లీ రాయే! సంక్రాంతికి తాతగారింట్లో వెల్ల వేసేటప్పుడు మా అమ్మాయికి ఇదంతా చూపించాలి.