మూడు వందల గజాల్లో ఏ చెట్టు ఎక్కడ? మా పెరటి అనుభవం

గుంటూరు శివార్లలో మేం ఇల్లు కట్టుకున్న స్థలం మూడు వందల గజాలు. తూర్పు ముఖం ఇల్లు, ముందు రోడ్డు, వెనక పడమటి వైపు ఇరవై అడుగుల పెరడు. గృహప్రవేశం అయ్యాక వచ్చిన మొదటి వేసవిలోనే పడమటి గోడ సంగతి తెలిసొచ్చింది. రాత్రి పడుకోబోయే ముందు గోడ మీద చెయ్యి పెడితే ఇంకా వేడిగానే ఉండేది. ఏసీ ఎంతసేపు తిరిగినా గది చల్లబడేది కాదు. ఆ గోడకు నీడ కావాలి, అదీ రేకుల నీడ కాదు, చెట్టు నీడే కావాలని గట్టిగా అనుకున్నాను.

చెట్టు అనగానే ఇంట్లో తలో మాట వచ్చింది. అత్తయ్యకు వేప, మునగ కావాలి. మా వారికి బంగినపల్లి మామిడి. పిల్లలకు జామ, నేరేడు. నాకు చిన్నప్పటి నుంచీ పొగడ చెట్టంటే ప్రాణం. పక్కింటివాళ్లు మాత్రం ప్రహరీ పొడవునా కోనోకార్పస్ పెట్టేయమన్నారు. ఏడాది తిరిగేసరికి గోడ కనపడకుండా పెరుగుతుందట. అన్నీ మంచి కోరికలే, కానీ ఇరవై అడుగుల పెరట్లో ఇవన్నీ పట్టవు. అందుకే నర్సరీకి వెళ్లే ముందు కాగితం మీద ఇంటి ప్లాను గీసి, ఎండ ఎటు పడుతోందో, భూమిలో ఏం పోతున్నాయో, పైన ఏం వేలాడుతున్నాయో గుర్తు పెట్టుకున్నాను.

ఎండ విషయం దగ్గరే కొత్త సంగతి తెలిసింది. మా ప్రాంతంలో మే మొదటి వారం దాటాక ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. అస్తమించేది కూడా సరిగ్గా పడమట కాదు, వాయవ్యం వైపు జరిగి. మనల్ని మాడ్చే ఎండ అదే. కాబట్టి నీడ కావాల్సింది పడమర నుంచి వాయవ్యం దాకా. దక్షిణపు ఎండ చలికాలంలో పడుతుంది, అది ఇంట్లోకి రావడం మంచిదే. బరువైన చెట్లు దక్షిణం, పడమర వైపు ఉంచి ఈశాన్యం ఖాళీగా వదలమని వాస్తు చెప్పేవాళ్లు అంటారు. పడమర వరకు మా లెక్కా వాస్తూ కలిశాయి కాబట్టి అత్తయ్యతో వాదించాల్సిన అవసరం రాలేదు.

చిక్కల్లా వాయవ్యంలోనే వచ్చింది. మా సెప్టిక్ ట్యాంకు ఉన్నది ఆ మూలనే. దాని పక్కన పెద్ద చెట్టు పెడితే వేళ్లు తడి వెతుక్కుంటూ పగుళ్లలోకి, పైపు అతుకుల్లోకి దూరతాయి. అక్కడ చెట్టు ఆలోచన మానేసి, ఇనప గొట్టాలతో పందిరి వేయించి సన్నజాజి పాకించాం. ముందు వైపు కరెంటు తీగలు వెళ్తున్నాయి, అటు ఎత్తుగా పెరిగేది ఏదీ పనికిరాదు. ఏటా కొమ్మలు అడ్డదిడ్డంగా నరికించుకోవడానికి చెట్టు పెంచడం నాకిష్టం లేదు. అక్కడ నందివర్ధనం, పారిజాతం చాలనుకున్నాం.

ఇక నేల. మాది నల్లరేగడి. ఎండాకాలం చేతి వేళ్లు దూరేంత నెర్రెలు, వానాకాలం కాలు పెడితే పైకి రాని బురద. ఈ నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. పునాది పక్కన పెద్ద చెట్టు ఉంటే వేసవిలో అది నీళ్లు లాగేసి నేలను ఇంకా కుంచింపజేస్తుంది, గోడలు బీటలు తీస్తాయి. రేగడిలో చెట్టు పెరిగే ఎత్తంత దూరం ఇంటికీ చెట్టుకూ మధ్య ఉండాలని మాకు ఇల్లు కట్టిన ఇంజనీరు చెప్పారు. ఆ లెక్కన వేప, నేరేడు మా పెరట్లో కుదరవు. రావి, మర్రి, జువ్వి అయితే అసలు ఆలోచనే వద్దు.

అత్తయ్యకు ఈ మాట చెప్పడం నాకు కష్టమనిపించింది. ఉగాది పచ్చడికి పువ్వు మన చెట్టుదే ఉండాలని ఆవిడ ఆశ. "అత్తయ్యా, వేప ఇక్కడ వద్దు, ఊళ్లో మన పొలం గట్టు మీద పెడదాం, అక్కడ దానికి ఎంత చోటైనా ఉంది" అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పెడితే పెట్టావు గానీ, ఆ మధ్య వేపలన్నీ మాడిపోయాయి, చూసుకోవాలి" అన్నారు. 2021లో తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండిపోయిన సంగతి ఆవిడకు బాగా గుర్తు. అది శిలీంధ్రం వల్ల వచ్చిన తెగులు, చాలా చెట్లు మళ్లీ చిగురించాయి కూడా. వేపతో పాటు మునగ కూడా గట్టుకే వెళ్లింది. మునగ కొమ్మ పెళుసు, గాలికి విరుగుతుంది, గొంగళి పురుగులు పట్టాయంటే పిల్లలు పెరట్లోకి రాలేరు.

కోనోకార్పస్ మీద నాకు రెండో ఆలోచన లేదు. తెలంగాణలో 2022లో ప్రభుత్వం మొక్కలు నాటించే హరితహారం కార్యక్రమం నుంచి దాన్ని పక్కన పెట్టారు, గుజరాత్ 2023లో నిషేధించింది. వేళ్లు పైపులను, గోడలను పాడుచేస్తాయని, పుప్పొడి వల్ల ఊపిరి ఇబ్బందులని ఫిర్యాదులు. పైగా దాని మీద వాలే పిట్టను నేను చూడలేదు. త్వరగా పెరగడం ఒక్కటే గొప్ప కాదు.

చివరికి పెరట్లో మిగిలినవి రెండే చెట్లు. నైరుతి మూల పొగడ, పడమట మధ్యలో మామిడి. వంటింటి పక్క సన్నటి జాగాలో కరివేపాకు, బట్టలుతికే చోట నీళ్లు పారే దగ్గర అరటి పిలక. పొగడ నిదానంగా పెరుగుతుంది, ఏడాది పొడవునా ఆకు నిలుస్తుంది, కట్టె గట్టిది, కొమ్మలు కత్తిరించి అదుపులో ఉంచొచ్చు. మామిడి కూడా ఆకు రాల్చి మోడయ్యే చెట్టు కాదు, ఏటా కోత అయ్యాక కత్తిరిస్తే పన్నెండు, పదిహేను అడుగుల్లో ఆపొచ్చు.

మామిడిలో రకం దగ్గర మళ్లీ చర్చ. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన బంగినపల్లి రుచికి తిరుగులేదని మా వారి వాదన. నిజమే, కానీ ఒక్క చెట్టుకే చోటున్నప్పుడు కాయ ఆవకాయకూ పండు తినడానికీ పనికిరావాలి కదా. బంగినపల్లి సీజనులో ఏ బండి మీదైనా దొరుకుతుంది. అందుకని చిన్న రసం అంటు తెచ్చుకున్నాం.

నర్సరీలో మొక్క ఎంచుకునేటప్పుడు అమ్మేవాళ్లు ముందుగా చూపించింది నిలువెత్తు మొక్క. కవరు అడుగు చూపించమన్నాను. రంధ్రాల్లోంచి వేళ్లు లావుగా బయటికొచ్చి ఉన్నాయి. అంటే లోపల తాడు చుట్టినట్టు గుండ్రంగా తిరిగిపోయి ఉంటాయి, నేలలో పెట్టినా అలాగే తిరుగుతూ ఉంటాయి. మోకాలెత్తు దాటిన చిన్న మొక్కనే తీసుకున్నాను. అంటు కట్టిన చోట ముడి గట్టిగా అతుక్కుందా, కట్టిన ప్లాస్టిక్ పట్టీ కాండంలోకి కోసుకుపోయిందా, ముడి కింద నుంచి వేరే చిగుళ్లు వస్తున్నాయా చూసుకున్నాను. కింద చిగురు పెరగనిస్తే అది నాటు మామిడిగా మారి అంటును మింగేస్తుంది.

గోతులు వేసవిలోనే తీయించాం, పొడవు, వెడల్పు, లోతు మూడేసి అడుగులు. పైన అడుగు మందాన ఇటుక ముక్కలు, గట్టిపడిన సిమెంటు ఉండలు, టైల్స్ పెచ్చులు వచ్చాయి. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన రద్దంతా మేస్త్రీలు అక్కడే కప్పెట్టారు. సిమెంటు, సున్నం కలిసిన మట్టిలో ఇనుము మొక్కకు అందదు, ఆకులు పసుపుపచ్చగా పాలిపోతాయి. రద్దు మొత్తం ఏరించి బయట పోయించాం. కూలీ ఖర్చు మొక్కల ఖరీదును మించింది, అయినా అది దండగని నేననుకోను.

తర్వాత గోతిలో నీళ్లు నింపి వదిలేశాం. మర్నాడు పొద్దున చూస్తే జానెడు నీళ్లు అలాగే నిలిచి ఉన్నాయి. రేగడిలో ఎంత మంచి మట్టితో నింపినా గొయ్యి తొట్టిలా నీళ్లు పట్టుకుంటుంది, మామిడి వేళ్లు అందులో కుళ్లిపోతాయి. అందుకని గొయ్యిని నేల మట్టానికి పూడ్చి ఊరుకోకుండా, దాని పైన అడుగున్నర ఎత్తు, ఆరడుగుల వెడల్పు మిట్ట పోయించాం. పైమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, చెదలకు విరుగుడుగా వేపపిండి కలిపాం. పచ్చి పేడ వేస్తే చెదలు పడతాయి.

తొలకరి వానలు రెండు మూడు పడి మట్టి కుదురుకున్నాక ఒక సాయంత్రం నాటాం. కవరును బ్లేడుతో నిలువుగా కోసి, మట్టిగడ్డ విడిపోకుండా దించాం. అంటు ముడి మట్టికి జానెడు పైన ఉండేలా చూసుకున్నాం. ఊతకర్ర పాతి, పాత నూలు చీర పీలికతో వదులుగా కట్టాం. పాదులో ఎండాకులు పరిచాం, కాండానికి మాత్రం తగలనివ్వలేదు.

మామిడికి మొదటి చిగురు వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ చూడ్డానికి వచ్చాం, రాగి రంగులో మెరుస్తూ ఉంది. కొద్దిరోజులకే ఒక పొద్దున లేత ఆకులు కత్తెరతో కత్తిరించినట్టు అడ్డంగా తెగి కింద పడి ఉన్నాయి. మొదట పిల్లల మీద అనుమానపడ్డారు అత్తయ్య. అది ఆకు కత్తిరించే ముక్కు పురుగు పని. ఆకు మీద గుడ్లు పెట్టి, ఆకును కోసి కింద పడేస్తుంది. పిల్లపురుగులు ఆ రాలిన ఆకులోనే పెరుగుతాయి. కాబట్టి రాలిన ఆకులను ఏ పూటకాపూట ఏరి కాల్చేయడమే మంచి మందు. ఆ పని అత్తయ్య తన మీద వేసుకున్నారు. తర్వాతి చిగుళ్లు చాలావరకు నిలిచాయి.

రెండో ఏడే నాలుగు పూతగుత్తులు వచ్చాయి. మా వారు ఎంత వద్దన్నా తుంచేశాను. చిన్న మొక్క కాయ మోస్తే కొమ్మ పెరగదు. పాదును కొమ్మల చివర్లు ఎంతవరకు ఉంటే అంతవరకు వెడల్పు చేస్తూ, నీళ్లు కాండం మొదట్లో కాకుండా ఆ అంచున పోస్తున్నాం. పొగడ ఇంకా నా భుజం దాకానే ఉంది, అందుకని ఈ వేసవికి కూడా పడమటి గోడకు ఆకుపచ్చ నీడవల కట్టాం. సన్నజాజి మాత్రం పందిరి మొత్తం అల్లుకుంది, వాయవ్యపు ఎండ సాయంత్రం ఐదింటికి కిటికీ దాకా రావడం లేదు.

పొగడకూ మామిడికీ మధ్య పదిహేను అడుగుల ఖాళీ జాగా చూసి, వచ్చినవాళ్లందరూ అక్కడ జామో సపోటానో పెట్టొచ్చు కదా అంటున్నారు. పదేళ్లకు ఆ రెండు చెట్ల కొమ్మలు కలిసేది అక్కడే. అప్పటిదాకా గోంగూర, తోటకూర చల్లుకుంటాం గానీ, ఇంకో చెట్టు పెట్టం.