మిర్యాలగూడ మిల్లుల్లో హమాలీ చేస్తే ఓటుండదా?

ఎన్నికలు వస్తే చాలు, మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే బీహార్ వాళ్ల మీద వాట్సాప్‌లో మెసేజ్‌లు మొదలవుతాయి. ఎక్కడి నుంచో వచ్చి, ఆధార్ తీసుకుని, మన ఊళ్లో దొంగ ఓట్లు వేస్తున్నారని. చదివితే బాధేస్తుంది.

రాజ్యాంగం 326వ అధికరణం అడిగేది ముందు ఈ దేశ పౌరుడివా, 18 నిండాయా అని. ఆపైన 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఆ నియోజకవర్గంలో నివాసం ఉండాలి, సొంతిల్లే ఉండాలని ఎక్కడా లేదు. మిల్లు షెడ్డులో ఏళ్లుగా ఉంటున్న హమాలీ ఫారం 8 పెట్టి తన ఓటు ఇక్కడికి మార్చుకోవచ్చు. అక్కడొకటి ఇక్కడొకటి ఉంచుకుంటేనే తప్పు.

ఇక ఆధార్. 182 రోజులు ఇక్కడ ఉన్న విదేశీయుడికి కూడా అది వస్తుంది కాబట్టి అది పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టంలోనే రాసుంది. కొత్తగా ఓటు నమోదుకు పెట్టే ఫారం 6లో పౌరుడినని సంతకం పెట్టాలి, అబద్ధమైతే ఏడాది దాకా జైలు. నిజంగా పరాయి దేశస్థుడి పేరు లిస్టులో ఉంటే తీసేయాల్సిందే, అందుకు ఫారం 7 ఉంది, విచారణ ఉంది. హిందీ మాట్లాడుతున్నాడన్నది మాత్రం ఆధారం కాదు.

మన నల్గొండ పిల్లలే అమెరికాలో ఎంతమంది లేరు! గ్రీన్ కార్డు ఉన్నా అక్కడి జాతీయ ఎన్నికల్లో ఓటు వేస్తే నేరం, 1996లోనే చట్టం చేశారు. వాళ్ల చేతిలో ఇంకా మన పాస్‌పోర్టే ఉంటే ఫారం 6ఏతో ఇక్కడ నమోదు కావచ్చు, అయితే ఓటు వేయడానికి పోలింగ్ రోజు స్వయంగా రావాలి. అక్కడి పౌరసత్వం తీసుకున్నాక ఓసీఐ కార్డుతో (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనుక్కోవచ్చు గానీ ఓటు మాత్రం ఉండదు.

నాకు అసలు టెన్షన్ పాలమూరు వలస కూలీల గురించే. బొంబాయికో పుణెకో పనికి పోతే ఇంటికి తాళం ఉంటుంది, ఆ తాళం చూసి "ఊళ్లో లేరు" అని రాసి పేరు కొట్టేస్తే ఎలా? తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన ఓటు పోదని పైన చెప్పిన 1950 చట్టం 20వ సెక్షన్ చెప్తోంది, ఊళ్లో ఉండట్లేదని పేరు తీసేముందు వాళ్ల మాట వినాలని 22వ సెక్షన్ చెప్తోంది. మీ ఇంట్లో, మీ వాడకట్టులో ఎవరైనా వలస పోయి ఉంటే లిస్టులో వాళ్ల పేరుందో లేదో ఇప్పుడే చూడండి. లేకపోతే బీఎల్‌వోను (మీ బూత్ ఓటరు లిస్టు చూసే అధికారిని) అడగండి, ఫారం 6 మళ్లీ పెట్టించండి.