ఇసుక బీడులో నీలిపువ్వు: విష్ణుక్రాంతేనా?

జూలై 12. బాపట్ల నుంచి సూర్యలంక వెళ్లే దారి పక్క ఇసుక బీడు. నాలుగు వానలు పడ్డాక గడ్డిపరకల మధ్య నేలబారుగా ఓ మొక్క, చిటికెనవేలి గోరంత నీలిపూలు. స్కేలు పెట్టి చూస్తే 7 మిల్లీమీటర్లు. ఫోన్‌లో యాప్ రెండు ఫొటోలకు రెండు పేర్లు చెప్పింది. దాన్ని పక్కన పెట్టాను.

జూలై 14. బద్ధకించి పదకొండున్నరకు వెళ్లాను. ఒక్క పువ్వూ లేదు, అన్నీ ముడుచుకున్నాయి. ఎండ ముదరకముందే వెళ్లాలి.

జూలై 19. ఏడింటికల్లా బీడులో ఉన్నా, పది రెట్ల భూతద్దంతో. అసలు గుట్టు పువ్వు నడుమ ఉంది. కీలాలు, అంటే అండాశయం మీంచి లేచే సన్నటి కాడలు, మొదట్నుంచే రెండు, ఒక్కోటీ మళ్లీ రెండుగా చీలి నాలుగు సన్నటి పోగులు. ఇదే కుటుంబంలోని తూటి పూలలోనైతే కీలం ఒక్కటే. కాబట్టి ఇది ఎవాల్వులస్ అనే ప్రజాతి మొక్క. చుట్టుకోనిది అని ఆ పేరుకు అర్థం. నిజమే, పక్కనే గడ్డికాడలున్నా ఒక్కదాన్నీ చుట్టుకోలేదు.

ఈ ప్రజాతిలోనే తెల్లపూలు, గుండ్రటి ఆకులు ఉండే నుమ్ములారియస్ అనే జాతి అమెరికా నుంచి వచ్చింది. దాని కాడ కణుపు కణుపుకూ వేళ్లూనుతుంది. నేను కాడ ఎత్తి చూశాను, కణుపుల దగ్గర వేళ్లు లేవు. ఆకులు కోలగా, పట్టులాంటి నూగుతో ఉన్నాయి. పూకాడ దారంలా సన్నగా, ఆకు కంటే పొడుగ్గా ఉంది. అంటే ఎవాల్వులస్ ఆల్సినాయిడిస్, మన విష్ణుక్రాంత. మొక్క మొదలు దగ్గర వేలితో ఇసుక తోడితే కొయ్యబారిన వేరు, దాన్నుంచే ఏడెనిమిది కాడలు. ఈ వానకు మొలిచింది కాదు, పాత మొక్కే.

ఇంత తంటా పేరు వల్లే. వినాయక చవితి పూజలో ‘భిన్నదంతాయ నమః’ అంటూ వేసే పత్రి ఇదే. పోయినేడు బజారులో కొన్న కట్టలో ఆ పేరుతో శంఖపుష్పం తీగ వచ్చింది. ఓ నర్సరీలో విష్ణుక్రాంత అని ఇచ్చిన కుండీ మొక్కేమో బ్రెజిల్ జాతి, పువ్వు దీనికి మూడింతలు. అందంగానే ఉంది, కాదనను.

మొక్క పక్కన పుల్ల గుచ్చి ఎర్ర పీలిక కట్టి వచ్చాను. కాయ ఎండాక గింజలు లెక్కపెట్టాలి, నాలుగుండాలి. ఈలోగా మేకలు మేయకుంటే.