అత్తయ్యగారి ట్యాబ్, సగంలో ఆగే బ్యాకప్

పదకొండున్నర దాటింది. కోపం దిగితే గానీ నిద్ర పట్టేలా లేదు, అందుకే ఇలా కూర్చున్నాను.

"బ్యాకప్ పూర్తి కాలేదు. లోపం ఏర్పడింది." తెర మీద ఇంతే. ఏ లోపమో, ఎక్కడ వచ్చిందో, ఇప్పుడు నేనేం చేయాలో ఒక్క ముక్క లేదు. మన వీధిలో కరెంటు పోతే లైన్‌మన్ కూడా ఇంతకన్నా వివరంగా చెబుతాడు.

అత్తయ్యగారి ట్యాబ్‌కి కింది భాగంలో టచ్ పోయింది. తెర మార్చాలన్నారు షాపులో. దాంతోపాటు, లోపలున్న డేటాకు తమ పూచీ లేదని ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు. ఆ కాగితం చూడగానే ట్యాబ్ వెనక్కి తెచ్చేసుకున్నాను. అందులో ఏమున్నాయో చెబుతాను. ఆవిడ పాటలు. నలుగు పాటలు, తలంబ్రాల పాటలు, అప్పగింతల పాటలు, మేలుకొలుపులు. వాళ్ళ అమ్మగారి దగ్గర నేర్చుకున్నవి, ఏ పుస్తకంలోనూ నాకు దొరకనివి. ప్రతి రికార్డింగ్ మొదట్లోనూ గొంతు సవరించుకుని, "అమ్మాయ్, ఆన్ అయిందా?" అని అడుగుతారు. నాకు పాట ఎంత కావాలో ఆ మాటా అంతే కావాలి.

సరే, షాపుకి ఇచ్చేలోపు అందులో ఉన్నదంతా లాప్‌టాప్‌లోకి కాపీ తీసి పెట్టుకుందామని, అంటే బ్యాకప్ తీద్దామని, కేబుల్ పెట్టాను. ట్యాబ్ ఛార్జ్ అవుతోంది గానీ కంప్యూటర్‌కి కనబడటం లేదు. కొన్ని కేబుళ్ళలో కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, తేడా తెలిసేలా ఒక గుర్తు వేయడానికి ఎవరికీ మనసు రాదు. ఆయన ఫోన్ కేబుల్ తెచ్చి పెడితే "ఈ కంప్యూటర్‌ను నమ్మవచ్చా" అని అడిగింది. నమ్ముతాను అన్నాక పాస్‌కోడ్ అడిగింది. అందులో సున్నా ఉంది. సున్నా అడుగు వరసలో ఉంటుంది, అక్కడ టచ్ లేదు. ట్యాబ్‌ని తలకిందులుగా తిప్పితే అంకెలు కూడా తిరిగి సున్నా టచ్ పనిచేసే వైపుకొచ్చింది. ఈ సాయంత్రం మొత్తానికి నాకు దక్కిన సంతోషం అదొక్కటే.

తర్వాత మొదలైంది అసలు బాధ. బ్యాకప్ సగం దాకా వెళ్ళడం, ఆగిపోవడం. ఒకసారి లాప్‌టాప్ స్లీప్‌లోకి పోయిందనుకున్నాను, ఆ సెట్టింగ్ మార్చాను. మళ్ళీ ఆగింది. చివరికి చూస్తే లాప్‌టాప్‌లో విండోస్ ఉండే సీ డ్రైవ్ నిండిపోతోంది. ట్యాబ్‌లో నలభై జీబీకి పైగా ఉంది, సీ డ్రైవ్‌లో అంత ఖాళీ లేదు. పక్కనే ఒక టీబీ హార్డ్ డిస్క్ ఖాళీగా ఉంది. కానీ బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ దాన్ని సీ డ్రైవ్‌లో తన ఫోల్డర్‌లోనే పెడుతుంది. ఎక్కడ పెట్టాలో ఎంచుకునే బటన్ లేనే లేదు. ఆ ఫోల్డర్‌ని వేరే డ్రైవ్‌కి తరలించి, పాత చోట దారి చూపే లింకు ఒకటి పెట్టాలట. దానికి కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల తెర తెరిచి కమాండ్ కొట్టాలి. మామూలు ఇల్లాలు, రిటైరైన మాస్టారు, వీళ్ళంతా ఏం చేయాలి? పైగా ఆగిపోయిన బ్యాకప్ ముక్కలు అక్కడే ఉండిపోయి ఉన్న కాస్త చోటూ తినేస్తున్నాయి.

పాటలు ఒక్కటే తీసుకుందామని పెన్ డ్రైవ్‌కి కాపీ చేశాను. పాటలు వెళ్ళాయి. పెళ్ళిలో తీసిన పెద్ద వీడియో మాత్రం వెళ్ళనంది. ఫైల్ పెద్దదట. పెన్ డ్రైవ్‌లో పాతిక జీబీ ఖాళీ, వీడియో ఆరు జీబీ! కారణం ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్. 1990ల్లో వచ్చింది. అందులో ఒక్కో ఫైలు నాలుగు జీబీ దాటకూడదు, ఎంత ఖాళీ ఉన్నా సరే. ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేస్తే ఆ గొడవ ఉండదు. అయితే ఫార్మాట్ చేస్తే ఉన్నదంతా పోతుంది, కాబట్టి ఇప్పుడే ఎక్కించిన పాటల్ని ముందు ఇంకోచోటికి తీయాలి.

ఆయన ఫోన్ సంగతీ ఇప్పుడే చెప్పేస్తాను. పోయినసారి ఫోన్ మార్చినప్పుడు ఫొటోలన్నీ వచ్చాయి, రోజూ రాసుకునే బీపీ రీడింగులు రాలేదు. బ్యాకప్‌కి పాస్‌వర్డ్ పెట్టి తాళం వేస్తేనే ఆరోగ్యం వివరాలు, దాచుకున్న పాస్‌వర్డ్‌లు అందులోకి వెళ్తాయి. తాళం లేని బ్యాకప్‌లో అవి ఉండవు. అలా చేయడం న్యాయమే. ఆ మాట తాళం కోసం టిక్ పెట్టే గడి పక్కన నిండు అక్షరాల్లో రాయాలి కదా! డాక్టరుగారు పాత రీడింగులు అడిగితే ఆయన ముఖం చిన్నబోయింది.

తమ్ముడు ఫోన్ చేశాడు. "ఎందుకక్కా తలనొప్పి, క్లౌడ్‌లో పడేయ్" అన్నాడు. నా ఇంటి పాటలు ఎక్కడో ఎవరి మిషన్లోనో ఎందుకుండాలిరా అన్నాను. ఇంట్లోది ఇంట్లోనే ఉండాలని గట్టిగానే వాదించాను.

ఫోన్ పెట్టాక తాతయ్య గుర్తొచ్చారు. 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన. నేను రెండో తరగతి, అమ్మానాన్నలతో బెజవాడలో ఉన్నాను. తాతయ్యా అమ్మమ్మా అవనిగడ్డ అవతల ఊళ్ళో. వాళ్ళు ప్రాణాలతో బయటపడ్డారు, ఇల్లు మిగల్లేదు. దస్తావేజులు, శిస్తు రసీదులు, అమ్మ పెళ్ళి ఫొటోలు, అన్నీ ఒకే రేకు పెట్టెలో ఉండేవి. ఆ పెట్టె నీళ్ళు తీశాక కాలవ గట్టున దొరికింది, మూత వేసే ఉంది. లోపల కాగితాలన్నీ ఒకటే ముద్ద. అమ్మ వాటిని విడదీసి మా డాబా మీద ఆరబెట్టింది. నీలం సిరా అంతా ఒలికినట్టు పరుచుకుంది. గుండ్రటి ముద్ర కనిపిస్తోంది, పక్కన పేర్లు చెరిగిపోయాయి. ఫొటోల్లో అమ్మ చీర అంచు ఒకచోట, మధుపర్కాల ముక్క ఒకచోట. నేను పక్కన కూర్చుని ఎవరి చేయి ఎవరిదో అడుగుతుంటే అమ్మ జవాబు చెప్పలేదు. మిగిలింది ఒక్క దస్తావేజు, గుడివాడలో చిన్నతాతయ్య దగ్గర ఏదో అప్పు కోసం ఉంచింది. తర్వాత తాతయ్య రిజిస్ట్రారాఫీసు చుట్టూ తిరిగి మిగతావాటికి నకళ్ళు తీయించారు. తీయించి ఇంట్లో పెట్టుకోలేదు. మా ఇంట్లో ఒకటి, గుడివాడలో ఒకటి పెట్టారు. ఫొటోలకు నకలు ఎక్కడ దొరుకుతుంది?

మరి నేను తమ్ముడితో వాదించిందేమిటి? ట్యాబ్, లాప్‌టాప్, హార్డ్ డిస్క్, మూడూ ఈ ఒక్క బల్ల మీదే ఉన్నాయి. కంప్యూటర్ తెలిసినవాళ్ళు 3-2-1 అంటారు. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. తాతయ్య ఆ లెక్క వినకుండానే పాటించారు.

అలాగని వాడన్నట్టు క్లౌడ్‌లో పడేసి కూర్చోను. చాలావాటిలో ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. అది అద్దంలా పనిచేస్తుంది, దాచిపెట్టదు. అత్తయ్యగారి వేలు పొరపాటున తగిలితే చాలు. అందుకని పాటలకి క్లౌడ్‌లో ఒక కాపీ, ట్యాబ్‌తో సంబంధం లేని ఖాతాలో. ఇంకోటి హార్డ్ డిస్క్‌లో, దాన్ని సంక్రాంతికి తమ్ముడితో గుడివాడ పంపిస్తాను. నలభై జీబీ మొత్తం ఎక్కాలన్న పట్టుదల ఇప్పుడు లేదు. అందులో సగం సీరియళ్ళ క్లిప్పులు, గుడ్ మార్నింగ్ బొమ్మలు. వాటి కోసం నల్ల తెర మీద కమాండ్లు కొట్టను.

ఒక పని మాత్రం మిగిలింది. పాటలన్నీ "కొత్త రికార్డింగ్ 12", "కొత్త రికార్డింగ్ 13" అని ఉన్నాయి. ఏది ఏ పాటో, ఏ వేడుకప్పుడు పాడాలో ఆవిడకే తెలుసు. మధ్యాహ్నం భోజనమైతే నిద్రపోతారు, కాబట్టి రేపు పదింటికే కూర్చోబెట్టి ఒక్కొక్కటీ వినిపించి పేర్లు రాసుకోవాలి. ట్యాబ్ షాపుకి ఎల్లుండి.