ఎగరని డాల్ఫిన్ల కోసం

పూరీలో దర్శనం అయిపోయాక ఒక పూట మిగిలింది. అమ్మాయి పట్టుబట్టడంతో కారు మాట్లాడుకుని యాభై కిలోమీటర్ల దూరంలోని సాతపడా వెళ్లాం. చిలికా సరస్సు సముద్రంలో కలిసే వైపున్న ఊరది. అక్కడ ఇరావతి డాల్ఫిన్లు ఉంటాయి. ఈ జీవికి పేరేమో బర్మా నదిది. కానీ శాస్త్రజ్ఞుల చేతికి మొదట చిక్కింది 1852లో, మా విశాఖపట్నం తీరంలో! 1866లో రిచర్డ్ ఓవెన్ దాన్ని కొత్త జాతిగా వర్ణించాడు. వైజాగ్ వాళ్లం దాన్ని చూడ్డానికి ఒడిశా దాకా పోవడం నాకు కాస్త ఉక్రోషంగానే అనిపించింది.

గంటసేపు మోటారు పడవ చెవులు చిల్లులు పడేలా మోత పెట్టింది. మధ్యలో ఒక ఇసుక దిబ్బ మీద ఎవరో ఆల్చిప్ప పగలగొట్టి "ముత్యం" తీసి చూపించారు. మా ఆవిడ బేరం మొదలుపెట్టేలోపే పడవ ఎక్కించేశాను.

కాసేపటికి పడవతను ఇంజను ఆపి చెయ్యి చాచాడు. ఏమీ లేదు. నీళ్లే. అంతలో స్లేటు పలక రంగులో బోర్లించిన కుండలాంటి తల ఒకటి పైకి తేలింది. డాల్ఫిన్ అనగానే గుర్తొచ్చే పొడవాటి మూతి లేదు. తల మునిగింది, నున్నటి వీపు ఒరుసుకుంటూ పోయింది, వెనకాలే మొండి వేలంత చిన్న రెక్క. తోక చూపించనేలేదు. "ఎగరదా నాన్నా?" అంది అమ్మాయి దిగులుగా. ఎప్పుడో గానీ ఎగరదు, పడవ ముందు పరుగులూ తీయదు. కానీ దీనికో విద్య ఉంది: చేపల్ని ఒకచోటికి తోలడానికి నోట్లోంచి నీళ్లు చిమ్ముతుంది. అది చెప్పడానికి పడవతనికి మా భాష రాదు, మాకు ఒడియా రాదు. బుగ్గలు పూరించి సరస్సులోకి ఫూ అని ఉమ్మి చూపించాడు. అమ్మాయి దిగులు అక్కడితో పోయింది.

ఇవి చిలికాలో నూట యాభై అటూ ఇటూ ఉంటాయి. సముద్రపు దారి పూడుకుపోతుంటే 2000లో కొత్త ముఖద్వారం తవ్వారు. ఉప్పునీరు, చేపలు తిరిగి వచ్చాయి. ఇప్పుడు వీటికి పెద్ద బెడద వలలు, మాలాంటి వాళ్లెక్కిన పడవలు. మా కళ్లముందే నాలుగు పడవలు ఇంజన్లు ఆపకుండా ఒక రెక్క వెంట పడ్డాయి. అది మునిగి మళ్లీ అటువైపు తేలలేదు.

మా పడవతను మాత్రం కదల్లేదు. అమ్మాయి ఫోను ముందుకు పట్టుకుని చూస్తూనే ఉంది. ఇంటికొచ్చి ఆ వీడియో పెట్టుకుంటే పదకొండు నిమిషాలూ ఉత్త నీళ్లు. చివర్లో మాత్రం మా వెనకనుంచి, చాలా దగ్గరగా, సైకిల్ ట్యూబు గాలి వదిలినట్టు "ఫుస్స్" అని ఒక శ్వాస, ఆ వెంటనే మా ఆవిడ కేక: "అటు కాదే, ఇటు!"